కట్టుబడి ఖాకీ

స్వచ్ఛందం అంటే తన ఇష్టం, యూనిఫాం అంటే పైవాడి ఆజ్ఞ. ఇష్టపడి వచ్చినవాడు మనసు విరిగిన రోజున వెళ్లిపోవచ్చు. యూనిఫాం తొడిగినవాడు పిలిచినప్పుడు రావాలి, పొమ్మనేదాకా నిలబడాలి. ఒకదానితో ఒకటి పొసగని ఈ రెండు సూత్రాలనూ ఒకే మనిషి ఒంటి మీద కలిపి కుట్టిన వ్యవస్థలు లోకంలో చాలానే ఉన్నాయి గానీ, తెలుగు నేల మీద రోజూ అందరి కంటా పడుతూ కూడా ఎవరి ఆలోచనకూ అందకుండా ఉన్నది హోంగార్డుల వ్యవస్థ. చట్టం దృష్టిలో హోంగార్డు ఉద్యోగి కాడు, స్వచ్ఛంద సేవకుడు. అతనికి ముట్టేది జీతం కాదు, డ్యూటీ అలవెన్సు, అంటే విధికి హాజరైన రోజులను లెక్కగట్టి ఇచ్చే భత్యం. అయినా నంద్యాల జిల్లాలోని కొలిమిగుండ్ల వంటి మండల కేంద్రాల్లో పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు అదే ఖాకీలో గడిపి, ఆ భత్యం మీదనే పిల్లలను చదివించి, నెత్తిన జుట్టు నెరిసినా కాగితం మీద ‘స్వచ్ఛంద’ సభ్యులుగానే మిగిలిపోయేవారికి కొదవ లేదు.

ఇటువంటివారిలో పేరుకుపోయే నిరుత్సాహాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు సాధారణంగా వినిపించేది మనోబలం, సానుకూల దృక్పథం, యోగా తరగతుల భాష. ఆ భాష అన్నివేళలా అబద్ధమని అనలేము గానీ, అది వైద్యాన్ని రోగికి కాక పక్కవాడికి చేస్తుంది. నిరుత్సాహం మనిషి గుణంలో ఉందా, అతన్ని నిలబెట్టిన పునాదిలో ఉందా అన్నది ముందు తేల్చుకోవలసిన ప్రశ్న, దానికి జవాబు పునాది వేసిన రోజుల్లో వెతకాలి.

భారతదేశంలో హోంగార్డుల దళం మొదట ఏర్పడింది 1946 డిసెంబరు 6న, బొంబాయిలో. మతకల్లోలాలతో అట్టుడుకుతున్న నగరంలో పోలీసులకు తోడుగా పౌరులే ముందుకు రావాలన్న తలంపుతో, అప్పట్లో బొంబాయి రాష్ట్ర హోంమంత్రిగా ఉన్న మొరార్జీ దేశాయ్ కాలంలో అది రూపుదిద్దుకుంది. పేరు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1940 మే నెలలో జర్మనీ దండయాత్ర భయం ముంచుకొచ్చినప్పుడు అక్కడ పగలు తమ పనులు చూసుకుని రాత్రి కాపలా కాసే పౌరదళాన్ని సమీకరించి, కొన్ని వారాలకే దానికి హోంగార్డు అని పేరు పెట్టారు. ప్రమాదం గడిచిపోయిందని తేలాక 1944 డిసెంబరులో దానిని విరమింపజేశారు. అంటే ఆ పేరు పుట్టిన చోట దాని ఆయుర్దాయం నాలుగున్నరేళ్లు. మన దేశంలో అది ఆగలేదు. 1948లో మద్రాసు రాష్ట్రం తన హోంగార్డుల చట్టాన్ని చేసుకుంది, కర్నూలు జిల్లా అప్పటికి మద్రాసులో భాగం కనుక ఆ చట్టమే తరువాత ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చింది. 1962లో చైనా యుద్ధం తరువాత, రాష్ట్రాల్లో వేరువేరు పేర్లతో నడుస్తున్న స్వచ్ఛంద దళాలన్నిటినీ ఒకే తీరు దళంగా మలచాలని కేంద్రం సూచించడంతో హోంగార్డు అన్న పేరు దేశమంతటా స్థిరపడింది. దేశం మొత్తానికి మంజూరైన బలం 5,73,793 అని కేంద్ర హోంశాఖ లెక్క.

ఆ హోంశాఖే హోంగార్డు ఎవరో వర్ణించిన తీరు చదివితే ఇప్పటి తరానికి వింతగా తోస్తుంది. డాక్టర్లు, ఇంజనీర్లు, న్యాయవాదులు, విద్యార్థులు, రైతులు, కార్మికులు తమ తీరిక సమయాన్ని సమాజానికి ఇవ్వడానికి ఇందులో చేరతారట. పద్దెనిమిదేళ్లు నిండి యాభై దాటని ఏ పౌరుడైనా చేరవచ్చునట. మామూలు సభ్యత్వ కాలం మూడు నుంచి అయిదేళ్లట. ఈ వర్ణనలోని ప్రతి మాటా ఒక ఊహను మోస్తోంది: ఈ మనిషికి వేరే జీవనాధారం ఉంది, ఇతను వచ్చింది మిగులు సమయంతో, కొంతకాలం సేవ చేసి తృప్తిగా తన పనిలోకి తిరిగి వెళతాడు. ఆ ఊహ మీద కట్టిన వ్యవస్థలో పింఛను ఎందుకు ఉండాలి, పదోన్నతి ఎందుకు ఉండాలి? వకీలుకు హోంగార్డు పింఛనుతో పనేముంది? తప్పు ఆ ఊహలో లేదు. ఊహ అక్కడే ఉండిపోయి మనుషులు మారిపోవడంలో ఉంది. కొలిమిగుండ్ల చుట్టుపక్కల డాక్టరెవరూ తీరిక వేళ ఖాకీ వేసుకుని కూడలిలో నిలబడలేదు. వచ్చినవారు వాన మీద ఆధారపడిన రెండు మూడెకరాల రైతుల బిడ్డలు, నాపరాయి గనిలో సుత్తి పట్టడం కంటే ఇది నయమనుకున్నవారు, ఇంటరు పాసై పోలీసు ఉద్యోగం మీద ఆశతో ముందు ఇందులో కాలు మోపినవారు, భర్త పోయి సంసారం మీద పడిన స్త్రీలు. తీరిక సమయం కోసం వేసిన చొక్కాను వీరు పూర్తికాలం తొడుక్కున్నారు.

పూర్తికాలం అంటే ఎటువంటి కాలమో చెప్పడానికి ఆ ఊరి భూగోళమే చాలు. కొలిమిగుండ్ల మండలం నంద్యాల జిల్లాకు దక్షిణపు అంచు, అవతల ఒకవైపు తాడిపత్రి ఉన్న అనంతపురం జిల్లా, మరొకవైపు జమ్మలమడుగు ఉన్న కడప జిల్లా. నేల కింద అంతా సున్నపురాయి. ఆ రాయి పొరలుగా లేస్తే నాపబండలవుతుంది, పొడి చేసి కాల్చితే సిమెంటవుతుంది, లక్షల ఏళ్లు నీరు తొలిస్తే బెలుం గుహలవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసి, 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మను బృందం కొలిచి, 2002లో పర్యాటకులకు తెరుచుకున్న ఆ గుహలు 3,229 మీటర్ల పొడవున సాగుతాయి, ఊరికి కూతవేటు దూరం. కనుక కొలిమిగుండ్ల రోడ్ల మీద బండల లారీలు, సిమెంటు ట్యాంకర్లు, గుహలు చూడవచ్చే బస్సులు, మూడు జిల్లాల మధ్య తిరిగే బైకులు అన్నీ కలిసే నడుస్తాయి.

వేసవి మధ్యాహ్నం ఆ దారిలో నిలబడే హోంగార్డును కాస్త దగ్గరగా చూడవలసి ఉంది. పాలిషింగ్ ఫ్యాక్టరీల నుంచి ఎగిరే తెల్లటి రాతిపిండి ఖాకీ మీద పడితే ఖాకీ ఖాకీలా కనబడదు, చెమట తగిలినచోట అది మళ్లీ ముద్దై గట్టిపడుతుంది. బూటు అడుగున తారు మెత్తబడి అంటుకుంటుంది కనుక అతను ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తూనే బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలికి మారుస్తుంటాడు. చేతిలో లాఠీ ఉంటుంది గాని ఎక్కువ పని చేసేది నోట్లోని విజిల్. ఓవర్‌లోడు లారీని ఆపినప్పుడు డ్రైవరు కిందికి దిగి చూసేది అతని భుజం వైపు. అక్కడి గుర్తులో రెండు ఇంగ్లీషు అక్షరాలు కనబడగానే గొంతు మారుతుంది. ‘సార్’ కాస్తా ‘ఏమప్పా’ అవుతుంది. ఎండ తగిలిన చోటు నీడకు వెళితే చల్లబడుతుంది గాని, ఈ తగిలేది ఇంటికి వెళ్లినా చల్లబడదు.

పని కూడలితో ఆగదు. స్టేషన్ జీపు నడిపేవాడు హోంగార్డు కావచ్చు, కంప్యూటరు దగ్గర ఫిర్యాదులు ఎక్కించే అమ్మాయి హోంగార్డు కావచ్చు, రాత్రి గస్తీలో బజారు షట్టర్లకు తాళాలున్నాయో లేదో లాగి చూసేది హోంగార్డు కావచ్చు. జాతరలకు, తిరునాళ్లకు బందోబస్తు అంటే జిల్లా అంతా కదలాలి. మహాశివరాత్రికి శ్రీశైలం, మహానంది, ఉగాదికి కన్నడ భక్తులు కాలినడకన వచ్చే శ్రీశైలం మళ్లీ, యాగంటి, కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే అహోబిలం స్వామి పారువేట. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు, 2020 చివర తుంగభద్ర పుష్కరాలు. ఆ రెంటి మధ్యలో, రెండోదానికి కొద్ది నెలల ముందు, కరోనా లాక్‌డౌన్. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి నెలల్లో అందరికంటే ఎక్కువగా వణికిన జిల్లాల్లో కర్నూలు ఒకటి, నంద్యాల, కొలిమిగుండ్ల అప్పటికి అందులోనివే. జిల్లా సరిహద్దు చెక్‌పోస్టులో వాహనం అద్దం దింపించి లోపలివారితో మొదట మాట్లాడవలసినవారిలో హోంగార్డులూ ఉన్నారు.

ఈ ప్రాంతానికి ఇటువంటి సేవకుడు కొత్త కాడు. పాలెగాళ్ల కాలంలో ఊరి కాపలాకు, దారి భద్రతకు, అవసరమైతే పోరుకు ఉన్న బంట్లను కట్టుబడివాళ్లు అనేవారు. వారికి నెలజీతం లేదు, సేవకు బదులుగా ఇనాం భూమి ఉండేది, దాని మీద కట్టవలసిన తక్కువపాటి స్థిరమైన శిస్తునే కట్టుబడి అనేవారు. 1800లో ఈ సీమ దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక పోలీసు పని కంపెనీది అయింది, కట్టుబడి సేవ అక్కరలేనిదయింది, ఇనాములు ఒకటొకటిగా ఊడిపోయాయి. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీదికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నడిపించిన గుంపులో ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడివాళ్లు పెద్దసంఖ్యలో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆ తిరుగుబాటును చరిత్ర పుస్తకాలు రెడ్డి పింఛను గొడవగా మొదలుపెట్టి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల ఉరికొయ్య దగ్గర ముగిస్తాయి. యూనిఫాం లేని ఆ పాతకాలపు సేవకుల కోణం నుంచి చూస్తే అది సేవ తీసుకుని ప్రతిఫలాన్ని లాగేసుకున్న ఏలికకు వచ్చిన జవాబు. కొలిమిగుండ్ల నాటి కోయిలకుంట్ల సీమలోనిదే. ఆ తరువాత తలారులు, వెట్టివాళ్లు వచ్చారు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక వారూ పేర్లు మార్చుకుని గౌరవ వేతనాల కాలంలోకి వచ్చిపడ్డారు. కట్టుబడి అన్న మాట మాత్రం తెలుగులో బతికే ఉంది. ఇప్పుడు దానికి అర్థం విధేయత, మాట తప్పకపోవడం. భూమి పోయింది, మాటలో విధేయత ఒక్కటే మిగిలింది.

ఇప్పటి కట్టుబడి లెక్క కూడా చూడవలసి ఉంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హోంగార్డు రోజువారీ భత్యాన్ని 600 నుంచి 710 రూపాయలకు పెంచింది. నెలలో ముప్పై రోజులూ డ్యూటీ చేసినవారికి అది 21,300. డ్యూటీ చేసిన రోజులకే అన్న షరతును మరచిపోరాదు. జ్వరం వస్తే ఆ రోజు లేదు, ఇంట్లో చావొస్తే ఆ పదకొండు రోజులూ లేవు. 2022లో అదే రాష్ట్రం కానిస్టేబుళ్ల నియామకానికి ప్రకటన ఇచ్చినప్పుడు ఆ పోస్టు మూలవేతనం 25,220 నుంచి మొదలవుతుందని పేర్కొంది. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వేరు. 2015 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డుల అప్పీళ్లపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రెండు అంకెల మధ్య నిలబడి ఉంది. హోంగార్డులు స్వచ్ఛంద సేవకులు కనుక వారిని రెగ్యులరైజ్ చేయమని, అంటే శాశ్వత ఉద్యోగులుగా మార్చమని, ఆదేశించలేమని న్యాయస్థానం చెప్పింది. అయితే నెలకు ముప్పై రోజుల డ్యూటీ భత్యం ఆ రాష్ట్ర పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి సమానం కావాలని కూడా చెప్పింది. తీర్పులోని మొదటి సగం వెంటనే అమలయింది, అమలు చేయడానికి అందులో ఏమీ లేదు కనుక. రెండో సగం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వేగంతో నడుస్తోంది. పొరుగున తెలంగాణ 2025 ఆరంభం నుంచి రోజు భత్యాన్ని 921 నుంచి 1,000 రూపాయలు చేసింది, వారానికోసారి జరిగే పరేడ్ భత్యాన్ని వంద నుంచి రెండు వందలు చేసింది. కొలిమిగుండ్లలో నిలబడినవాడికి శ్రీశైలం ఆనకట్ట అవతలి ఒడ్డున తనవంటివాడికి ఎంత వస్తుందో తెలియకపోవడానికి ఇది తంతి తపాలా కాలం కాదు.

సేవకు డబ్బు ముడిపెడితే సేవాభావం చెడుతుందనే వాదన ఒకటుంది. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లో రక్తదానాన్ని గురించి రాసిన పుస్తకంలో దానికి గట్టి రూపం ఇచ్చాడు: ఉచితంగా ఇచ్చే సమాజంలో రక్తం సమృద్ధిగా, శుభ్రంగా దొరుకుతుంది, కొనడం మొదలుపెడితే ఇచ్చే మనసు తగ్గుతుంది. వాదన విలువైనదే. రక్తదాత మాత్రం సీసా నింపి, పండ్లరసం తాగి, ఇంటికి వెళ్లి తన అన్నం తాను తింటాడు. ఆ దానం మీదనే ఇల్లు గడుపుకునేవాడికి ఆ వాదనను వర్తింపజేయడం, ఖజానా బరువు తగ్గించుకోవడానికి నీతిశాస్త్రాన్ని అరువు తెచ్చుకోవడమే.

అయితే నిరుత్సాహమంతా రూపాయల్లో కొలవదగినదైతే ఈ వ్యాసం ఇక్కడే ముగిసిపోయేది. అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించి ఒక ఉపయోగకరమైన తేడాను పట్టుకున్నాడు. జీతం, సెలవులు, పనిచేసే చోటి వసతులు వంటివి లేకపోతే మనిషి కుములుతాడు గాని ఉన్నంతమాత్రాన ఉప్పొంగడు. ఉప్పొంగడానికి చేసిన పని ఫలించడం, ఆ సంగతి నలుగురూ గుర్తించడం, బాధ్యత పెరగడం, ముందుకు దారి కనబడడం కావాలి. దీర్ఘకాలం యూనిఫాంలో ఉన్న స్వచ్ఛంద సేవకుడికి మొదటి రకం సగం సగంగా అందుతుంది, రెండో రకం దాదాపు అందదు. ఇరవయ్యేళ్ల కిందట అతనితో కలిసి శిక్షణ మైదానంలో చెమటోడ్చినవాళ్లలో కొందరు కానిస్టేబుళ్లై, హెడ్ కానిస్టేబుళ్లయ్యారు. నిన్నగాక మొన్న శిక్షణ ముగించి వచ్చిన కానిస్టేబులు అతని కొడుకు వయసువాడు, అతనికి ఆజ్ఞ ఇచ్చే అధికారం గలవాడు. హోంగార్డుల్లోనూ సెక్షన్ లీడరు, ప్లటూన్ సార్జెంటు, ప్లటూన్ కమాండరు అన్న హోదాలు కాగితం మీద ఉన్నాయి. ఆ మాటలు కొలిమిగుండ్ల బజారులో ఎవరి నోటా వినబడవు. పోలీసు నియామకాల్లో హోంగార్డులకు కొంత వాటా ఉంది గాని, పగలంతా డ్యూటీ చేసి రాత్రి అంకగణితం, రీజనింగ్ చదివి, కోచింగ్ కేంద్రాల్లో ఏడాదిపాటు ఇదే పనిగా కూర్చున్న కుర్రాళ్లతో పోటీ పడి, ఆపైన 1,600 మీటర్లు పరుగెత్తాలి. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, ఆ తలుపు మెల్లగా మూసుకోవడాన్ని చూసి, చూడనట్టు ఉండడం నేర్చుకున్నవారే ఎక్కువ.

ఊళ్లో ఆ తలుపు చప్పుడు మాత్రం ఎవరూ మరచిపోనివ్వరు. పెళ్లికి వెళ్తే పంక్తిలో పక్కన కూర్చున్న పెద్దాయన మర్యాదకే అడుగుతాడు, “ఏమప్పా, ఇంకా పర్మినెంటు కాలేదా?” అని. పిల్లను ఇవ్వబోయేవారు అదే మాటను వేరే గొంతుతో అడుగుతారు. 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అన్న మాటకే రాజకీయ రంగు అంటుకోవడంతో, తాను కూడా వాలంటీరునేనని చెప్పుకోవడం హోంగార్డుకు ఒకలా ఇబ్బంది, చెప్పుకోకపోవడం మరొకలా ఇబ్బంది.

ఇక్కడ ఒక ఆర్థికవేత్త మాట చీకట్లో చేతిదీపంలా పనికొస్తుంది. బెర్లిన్‌లో పుట్టి నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన ఒక చిన్న పుస్తకంలో, ఏ సంస్థ పనితీరు దిగజారినా అందులోని మనిషికి ఉండే దారులు రెండే అన్నాడు. ఒకటి నిష్క్రమణ, అంటే వదిలి వెళ్లిపోవడం. రెండోది నిలదీత, అంటే లోపలే ఉండి గొంతెత్తడం. ఈ రెంటిలో ఏది ఎంచుకుంటాడన్నది అతనికి ఆ సంస్థ మీద ఉన్న మూడో గుణాన్ని బట్టి ఉంటుంది, దాన్ని తెలుగులో కట్టుబడి అనడమే సరైన అనువాదం. నిజమైన స్వచ్ఛంద సంస్థలో నిష్క్రమణ సులువు కనుక సంస్థ జాగ్రత్తగా ఉంటుంది. రేపటి నుంచి రానంటే ఎలా అన్న భయమే నాయకుల చేత ‘అన్నా’ అనిపిస్తుంది. నిజమైన ఉద్యోగంలో నిష్క్రమణ కష్టం, అయితే సంఘం ఉంటుంది, సర్వీసు నిబంధనలుంటాయి, నిలదీతకు వేదిక ఉంటుంది. దీర్ఘకాలపు హోంగార్డుకు నలభై అయిదేళ్ల వయసులో వేరే పని దొరకదు కనుక మొదటి దారి మూసుకుంది. ఖాకీ క్రమశిక్షణ కింద ఉన్నాడు కనుక రెండో దారి సన్నబడింది. వినతిపత్రం ఇవ్వడం, పాదయాత్ర చేసే నాయకుడి దారిలో దండం పెట్టి నిలబడడం మిగిలాయి. చెప్పుకోదగినంతగా మిగిలింది కట్టుబడి ఒక్కటే. స్వచ్ఛందమూ ఉద్యోగమూ రెండింటి బరువులనూ అతనికి ఇచ్చి రెండింటి రక్షణలనూ సంస్థ తన దగ్గరే ఉంచుకుందని చెప్పడం పరుషంగా వినిపించవచ్చు గాని, అతిశయోక్తి కాదు. కనుక అతని నిరుత్సాహం మనోబలహీనత కాదు. తన పరిస్థితిని అతను సరిగ్గా చదువుకున్నాడనడానికి అదే గుర్తు.

అయినా మర్నాడు అతను బూట్లు తొడుక్కుంటాడు. ఈ సంగతిని వివరించకుండా నిరుత్సాహాన్ని మాత్రమే వర్ణించడం కూడా అన్యాయమే.

మొదటి కారణం స్థానికత. ఎస్సై రెండేళ్లకు బదిలీ అవుతాడు, కానిస్టేబులు మరో స్టేషనుకు మారతాడు, హోంగార్డు ఎక్కువగా ఆ పరిసరాలవాడే. ఏ గనికి ఎవరు భాగస్థులు, ఏ రెండు కుటుంబాలు పెళ్లి పిలుపులు మానుకున్నాయి, ఏ వంక పొంగితే ఏ ఊరికి దారి తెగుతుంది అన్నది అతని తలలో ఉంటుంది. ఫ్యాక్షన్ పేరు మోసిన సీమలో ఇది చిన్న విద్య కాదు. పల్లెలో పికెట్, అంటే గొడవలు రేగకుండా కొన్నాళ్లు పోలీసులను కాపలా ఉంచిన చోట, రెండు వీధుల మధ్య అరుగు మీద కూర్చున్న ఖాకీ మనుషుల్లో రెండువైపులవారినీ మామా, చిన్నాయనా అని పిలవగలిగేవాడు అతనొక్కడే కావచ్చు. అదే అతనికి సంకటం కూడా, మామ తప్పు చేసినప్పుడు మామకు ఎదురుగా నిలబడేదీ అతనే. అయినా ఒక గొడవ గొడవగా మారకముందే ఆరిపోయిందంటే అందులో తన మాట ఎంత పనిచేసిందో అతనికి తెలుసు. ఏ రికార్డులోనూ ఎక్కని ఆ తెలివిడి హెర్జ్‌బర్గ్ చెప్పిన ఫలించిన పనికి దగ్గరగా ఉంటుంది.

రెండోది ఒడుపు. ఇరవై శివరాత్రులు చూసినవాడికి జనప్రవాహం ఎక్కడ చిక్కబడుతుందో కంటితోనే తెలుస్తుంది. తాడు ఎక్కడ కట్టాలో, ఎప్పుడు విప్పాలో ముందుగా తోస్తుంది. చేతి పనిలో నేర్పు పెరిగేకొద్దీ మనిషికి ఆ పని మీద ఒక యాజమాన్యం కలుగుతుంది, జీతపు చిట్టీ దానిని ఇవ్వలేదు, తీసివేయనూ లేదు.

మూడోది ఆ చొక్కాయే. ఇస్త్రీ దగ్గర దాని సంగతి తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు కరెంటు ఉన్నప్పుడే చేతుల మీది మడత కత్తి అంచులా నిలిచేలా గంజి పెట్టి రుద్దడం, బెల్టు బకిల్‌ను రాగితళతళ వచ్చేదాకా తోమడం, చేసేది హోంగార్డు అయినా అతని భార్య అయినా, ఆ ఇంట్లో పూజగది శుభ్రానికి తీసిపోని శ్రద్ధతో జరుగుతుంది. మహిళా హోంగార్డు ఉన్న ఇంట్లో ఆ చొక్కాకు ఇంకో విలువ. అది తొడుక్కున్న రోజున ఆమె బస్సులో ఎవరికీ సీటు ఇచ్చి లేవదు, ఆమె వీధిలో తాగి అరిచేవాడు ఆ గుమ్మం ముందు గొంతు తగ్గిస్తాడు. తక్కువ భత్యానికి ఇంతటి శ్రద్ధ ఎందుకని అడిగేవారు ఈ లెక్కను కలుపుకోవడం లేదు.

ఇటువంటి బంధం హోంగార్డులకే పరిమితం కాదు. పాఠశాలల్లో, కళాశాలల్లో ఎన్‌సీసీ నడిపే ఉపాధ్యాయులు, స్కౌట్ మాస్టర్లు కూడా ఏళ్ల తరబడి యూనిఫాంలో స్వచ్ఛందంగా ఉన్నవారే. వారికి జీతం మరోచోట నుంచి వస్తుంది కనుక వారి అలసట వేరు. అది సాధారణంగా కాగితాల అలసట. శిబిరానికి పిల్లలను తీసుకెళ్లాలంటే పూరించవలసిన ఫారాలు, తిరిగి వచ్చాక సమర్పించవలసిన బిల్లులు. అటువంటివారు విసిగితే మానేయగలరు, చాలామంది మానేస్తారు కూడా. మానేయగలిగే స్వేచ్ఛ ఉండి కూడా ఉండిపోయిన ఉపాధ్యాయుడి ఉత్సాహాన్ని, ఆ స్వేచ్ఛ లేని హోంగార్డు ఓపికనూ ఒకే సేవాభావం కింద జమకట్టడం శాలువాలు కప్పే సభల అలవాటు.

కాబట్టి ఉత్సాహాన్ని నిలపడం అనే పని మనిషిలో కాక ఏర్పాటులో మొదలుపెట్టవలసి ఉంటుంది, దానికి పెద్ద విప్లవాలు కూడా అక్కరలేదు. సుప్రీంకోర్టు 2015లో చెప్పిన సమానత్వం ఎటూ చేయవలసినదే. అది కాక, భత్యం నెలలో ఒక నిర్ణీత తేదీన పడడం, వారానికి ఒక రోజు భత్యంతో కూడిన విశ్రాంతి, అధికారి ఇంటి పనికి హోంగార్డును పంపరాదన్న నియమాన్ని పట్టుదలగా పాటించడం, పాతికేళ్లు నిలబడినవాడు వెళ్లేటప్పుడు చేతికి కొంత మొత్తం ఇవ్వడం, కాగితం మీద నిద్రపోతున్న సెక్షన్ లీడరు హోదాకు ప్రాణం పోసి కొత్తవారికి బందోబస్తు మెలకువలు నేర్పే బాధ్యతను పాతవారికి అప్పగించడం వంటివి ఏ జిల్లా కేంద్రానికీ అందరానివి కావు. వీటిలో చివరిది అన్నిటికంటే చవకైనది, అందుకేనేమో అన్నిటికంటే అరుదైనది.

ఏటా డిసెంబరు 6న హోంగార్డుల ఆవిర్భావ దినం. జిల్లా కేంద్రంలో పరేడ్, పెద్దల ప్రసంగాలు, ప్రశంసాపత్రాలు ఉంటాయి. మధ్యాహ్నానికి ఎవరి డ్యూటీకి వారు చేరుకుంటారు. ఆ రోజున బెలుం గుహలకో, ఆ దారిన తాడిపత్రికో బయలుదేరిన పాఠకుడు కొలిమిగుండ్ల కూడలిలో చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపిన ఖాకీ మనిషిని ‘ఏ హోంగార్డూ’ అని పిలవనక్కరలేదు. పేరు ఛాతీ మీద రాసే ఉంటుంది.